బాయిలో ఉన్న కట్టుబాటు బస్తీలోనూ ఉండాలి: మండే వస్తువుల వల్ల జరిగే ప్రమాద మరణాలపై బెల్లంపల్లి సభ తీర్మానం

బెల్లంపల్లి పాత గని బస్తీల్లో ఉంటున్న రిటైర్డ్ కార్మికులు, వారి కుటుంబ సభ్యులు, ఇప్పటికీ శాంతిఖని, కాసిపేట, మందమర్రి గనులకు షిఫ్టుకు పోయి వస్తున్నవారు, చిన్న దుకాణదారులు, ఆటో డ్రైవర్లు, అంగన్‌వాడీ టీచర్లు కలిసి జరిపిన సర్వసభ్య సమావేశం ఈ కింది తీర్మానాన్ని చర్చించి, రెండు సవరణలతో ఏకగ్రీవంగా ఆమోదించింది.

కార్యక్రమం మొదలుపెట్టే ముందు సభ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించింది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలినప్పుడు చనిపోయిన 46 మందికి, ఆనవాలు కూడా దొరకని మరో 8 మందికి సంతాపం తెలిపింది. అదే ఏడాది మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో చనిపోయిన 17 మందికి, అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సులో కాలిపోయిన ప్రయాణికులకు నివాళి అర్పించింది. 2020 జూన్ 2న, రాష్ట్రావతరణ దినోత్సవం నాడే, రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో పేలుడు పదార్థాలు నింపుతూ ప్రాణాలు పోగొట్టుకున్న నలుగురు కాంట్రాక్ట్ కార్మికులను ప్రత్యేకంగా తలుచుకుంది. వారు మన పక్క బాయి (గని) వారు.

ఇతర ఊళ్ల ప్రమాదాల మీద బెల్లంపల్లిలో తీర్మానం ఎందుకని సభలో ఒక సభ్యుడు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి సభ ఇచ్చుకున్న జవాబును ఇక్కడ వివరంగా రాయడం అవసరమని భావిస్తున్నాం.

ఈ ఊరు 1920ల చివరి నుంచీ బొగ్గు మీద బతికింది. బాయి దిగేవాడికి మొదటి పాఠం నిప్పు గురించే. మస్టర్ పడి, ల్యాంపు రూములో క్యాపు ల్యాంపు తీసుకున్నాక బాయి మొగదల దగ్గర జేబులు తడిమి చూసేవారు. అగ్గిపెట్టె గానీ బీడీకట్ట గానీ దొరికితే మనిషిని కిందికి పంపేవారు కాదు. షిఫ్టు మొదలుకాకముందే మైనింగ్ సర్దార్ తన డిస్ట్రిక్టంతా, అంటే గనిలో తనకు అప్పగించిన భాగమంతా, ఒకసారి తిరిగి వచ్చేవాడు. సేఫ్టీ ల్యాంపు వత్తిని సన్నగా తగ్గించి, గ్యాలరీ కప్పు దాకా మెల్లగా ఎత్తి చూసేవాడు. మంట మీద పలుచని నీలి టోపీ కనిపిస్తే అక్కడ గ్యాసున్నట్టు, మంట కుంగిపోతే ఊపిరి పీల్చే గాలి లేనట్టు. చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాకే బొగ్గు నింపే కోల్‌ఫిల్లర్లు తట్టా చెమ్మసూ పట్టుకుని కదిలేవారు. మండే గ్యాసు గాలిలో నూటికి 5 పాళ్లు చేరితేనే పేలుతుంది. కానీ 1.25 దగ్గరే కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి రప్పించాలన్నది నియమం. అంటే ప్రమాదపు హద్దుకు నాలుగో వంతులోనే ఆగిపోవాలి. నల్లటి గోడలకు తెల్లటి రాతిపొడి చల్లేది కూడా ఇందుకే. తక్కువ గ్యాసున్న గనిలో సైతం కింద పడిన పొడిలో మండని భాగం 75 శాతానికి తగ్గకూడదు. డిటోనేటర్లు ఒక పెట్టెలో, మందుగుండు వేరే పెట్టెలో. వాటిని ముట్టుకునేది వాటిని పేల్చే షాట్‌ఫైరర్ ఒక్కడే.

ఈ నియమాలు ఎవరో కూర్చుని పుణ్యానికి రాసినవి కావు. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో 92 మంది చనిపోయాక 1815లో హంఫ్రీ డేవీ దీపం వచ్చింది. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో బొగ్గు పొడి అంటుకుని 1,099 మంది పోయారు. గ్యాసు లేకపోయినా వట్టి పొడి చాలునని ప్రపంచానికి ఒప్పుకోక తప్పలేదు. రాతిపొడి చల్లడం అలా వచ్చింది. చైనాలోని బెన్షీహు గనిలో 1942 ఏప్రిల్ 26న 1,549 మంది, మన దేశంలో ధోరి గనిలో 1965 మే 28న 268 మంది చనిపోయారు. బొగ్గు గనుల నిబంధనల్లో ఒక్కో వాక్యం వెనుక ఇలాంటి ఊరొకటి ఉంది. పర్మిట్ పుస్తకం పట్టుకుని తిరిగిన ప్రతి కార్మికుడికీ ఇది తెలుసు.

అలాంటి ఊళ్లో, బాయి నుంచి ఇంటికి వచ్చిన మనిషి కిరాణా కొట్టు అరుగు మీద వరుసగా పెట్టిన పెట్రోలు సీసాల పక్కన నిలబడి బీడీ ముట్టిస్తున్నాడు. ఈ ఒక్క మాటే ఈ తీర్మానానికి కారణం. బాయిలు చాలావరకు మూతపడ్డాయి, మూతపడ్డ బాయిలతో పాటు మన కట్టుబాటు కూడా భూమిలోనే ఉండిపోయింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో అగ్ని ప్రమాదాల్లో 7,400 మందికి పైగా చనిపోయారు. వారిలో సగానికి మించినవారు పోయింది ఇళ్లలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో కాలిన గాయాలతో ఏటా దాదాపు 1,80,000 మంది చనిపోతున్నారు. వారిలో అత్యధికులు మనలాంటి పేద, మధ్యాదాయ దేశాలవారు. మనం నిప్పుతో ఎక్కువ పని చేస్తాం, ఇరుకులో పని చేస్తాం, నిద్రపోయే చోటే సరుకు దాస్తాం. తేడా అక్కడుంది.

పాశమైలారంలో మంటగలిసింది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. వినడానికి పిండిలాంటి పదార్థం. కానీ పిండి, చక్కెర, రంపపు పొట్టు, బొగ్గు, ఏదైనా సరే మండే పదార్థం మెత్తటి పొడిగా గాల్లో లేస్తే బారుద్ అవుతుందని మన సర్దార్లు పామర భాషలో చెప్పగలరు. ఆ కార్మికులకు ఎవరైనా అలా చెప్పారా అన్నది మమ్మల్ని బాధిస్తున్న ప్రశ్న. వారిలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారు. మన తాతలు కూడా ఇలాగే ఊళ్లు వదిలి బాయి దిగారు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోడౌన్ పైఅంతస్తులో నిద్రలోనే పోయిన 11 మందీ బిహారీ కూలీలే. కింద సరుకు, పైన మనుషులు, దిగడానికి ఒకే మెట్లదారి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. 9 మంది పోయారు. ఢాకా పాతబస్తీలో 2010లో నీమ్‌తలీ, 2019లో చుడిహట్టా వీధులు తగలబడిందీ ఇదే తీరు. దేశం మారింది, భాష మారింది, కింద డ్రమ్ములు పైన పిల్లలు ఉండడం మారలేదు.

ఆవిరి, గ్యాసుల సంగతి ఇంకా కఠినం. అవి కంటికి కనబడవు. 1997 సెప్టెంబర్ 14న విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ లీకై దాదాపు 60 మంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల కర్మాగారంలో ద్రావకం ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. 2014 జూన్ 27న తూర్పుగోదావరి నగరం గ్రామంలో పైపు నుంచి గ్యాసు పొగమంచులా ఊరంతా కమ్మింది. తెల్లవారుతుండగా ఎవరో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. కొబ్బరిచెట్లతో సహా ఊరు మాడి 20 మందికి పైగా పోయారు. ఆ రోజు ఆ ఊళ్లో నీలి టోపీ చూసే సర్దార్ ఒక్కడూ లేడు.

బోల్తాపడ్డ ట్యాంకర్ల గురించి సభలో చాలాసేపు మాట్లాడుకున్నాం. 2017 జూన్ 25న, రంజాన్ పండుగకు ముందురోజు, పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ దగ్గర కారుతున్న పెట్రోలు పట్టుకోవడానికి బిందెలతో పోయిన 200 మందికి పైగా కాలిపోయారు. 2019 జనవరి 18న మెక్సికోలోని త్లావెలిల్పాన్‌లో పగిలిన పైపు దగ్గర 137 మంది, 2021 నవంబర్‌లో సియెరా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో, 2024 అక్టోబర్‌లో నైజీరియాలోని జిగావాలో వందకు మించినవారు ఇలాగే పోయారు. వారిది దురాశ అని ఒక సభ్యుడు అన్నారు. సభ ఆ మాటను అంగీకరించలేదు. కొన్ని లీటర్ల పెట్రోలు ఒక రోజు కూలితో సమానమైన చోట కారిపోతున్నదాన్ని పట్టుకోబోవడం ఆకలి చేయించే పని. మంచిర్యాల నుంచి చంద్రాపూర్ పోయే జాతీయ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది. రేపు సోమగూడెం దగ్గరో తాండూరు దగ్గరో ట్యాంకర్ పడితే మన పిల్లలు క్యాన్లు పట్టుకుని పరుగెత్తరని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ విషయాలన్నీ ఆలోచించి సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

మొదటిది గ్యాసు బండ. బస్తీల్లో చిన్న సిలిండర్లు దొంగచాటుగా నింపే పనిని ఈ సభ ఖండిస్తున్నది. తీర్మానం రాసేముందు మా సభ్యులు ముగ్గురు అలాంటి ఒక దుకాణానికి పోయి చూశారు. ఆరడుగుల వెడల్పు గది. ఇంటి బండను తలకిందులు చేసి స్టూలు మీద పెట్టారు. దాని మూతి నుంచి ఇత్తడి గొట్టం ఒకటి కింద ఉన్న చిన్న బండలోకి దిగింది. ఎంత నిండిందో కుర్రవాడు చేత్తో ఎత్తి చూసి చెబుతున్నాడు. గొట్టం అతుకు దగ్గర సన్నగా బుసలాంటి చప్పుడు. గోడకు దేవుడి పటం, పటం ముందు వెలుగుతున్న ఊదుబత్తి. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. అలాంటివి ఒకటి కాదు, అక్కడ నింపించుకునేది మనమే. కనెక్షన్ లేని గదుల్లో ఉండే కూలీలకు, విద్యార్థులకు వేరే దారి లేకపోవడమే ఈ వ్యాపారానికి బలం. కాబట్టి చిరునామా రుజువు అడగకుండా ఇచ్చే 5 కిలోల చట్టబద్ధ సిలిండర్లు బెల్లంపల్లిలో కనీసం నాలుగు చోట్ల దొరికేలా చూడాలని ఆయిల్ కంపెనీలను, పౌర సరఫరాల శాఖను కోరుతున్నాం. ఆ ఏర్పాటు జరిగిన నెల రోజుల్లోగా దొంగ ఫిల్లింగ్ మానకపోతే పోలీసులకు ఫిర్యాదు చేసేది ఈ సభే. లైసెన్సు లేకుండా 100 కిలోలకు మించి, అంటే ఇంటి బండలు ఏడు దాటి నిల్వ పెట్టడం చట్టవిరుద్ధమని హోటళ్లవారికి, టిఫిన్ బండ్లవారికి ముందుగా మర్యాదగా తెలియజేస్తాం.

గ్యాసు విషయంలో బాయి అలవాటు ఒకటి మార్చుకోవాలని మాజీ ఓవర్‌మెన్ ఒకరు సభకు గుర్తుచేశారు. బాయిలో గ్యాసు తేలిక, కప్పుకు అంటుకుని ఉంటుంది, అందుకే దీపం పైకెత్తుతాం. ఇంట్లో గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది, గడప కింద నుంచి పక్కింటికి పోతుంది. నూటికి రెండు పాళ్లు చేరితే చాలు అంటుకుంటుంది. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా, వేసి ఉన్న లైటు ఆర్పకుండా, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు బార్లా తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఈ సభకు టీ కాచిన పొయ్యి పైపు మీది తేదీ చూస్తే అయిదేళ్ల గడువు దాటి ఉంది. దాన్ని అక్కడికక్కడే తీసేశారు, టీ అరగంట ఆలస్యమైంది. సిలిండర్ మెడ దగ్గర రేకు మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, దాని పక్కన సంవత్సరం ఉంటుంది. ఆ అక్షరం, సంవత్సరం సూచించే త్రైమాసికం దాటిన బండను దించుకోవద్దు. నమోదైన ఇంట్లో గ్యాసు ప్రమాదం వల్ల మనిషి చనిపోతే ఆయిల్ కంపెనీల బీమా కింద కుటుంబానికి 6 లక్షల రూపాయల దాకా వస్తుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ప్రతి ఏజెన్సీ ముందు ఇది పెద్ద అక్షరాల తెలుగులో రాయించాలని కోరుతున్నాం.

రెండోది సీసా పెట్రోలు. 1934 పెట్రోలియం చట్టం కింద లైసెన్సు లేనిదే పెట్రోలు అమ్మకూడదు. దీని మీద సభలో అభ్యంతరం వచ్చింది. బంకు దూరంగా ఉన్న గూడేల్లో రాత్రిపూట గర్భిణిని ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే సీసా పెట్రోలే దిక్కని ఆటో డ్రైవర్లు చెప్పారు. ఆ మాటలో నిజముంది. అందువల్ల పట్టణంలో, బంకు అందుబాటులో ఉన్న చోట్ల వెంటనే ఆపించాలని, దూరపు గ్రామాలకు బంకులు మంజూరు చేయాలని, అప్పటిదాకా అత్యవసరానికి 108 వాహనం సకాలంలో అందేలా చూడాలని కోరుతూ తీర్మానిస్తున్నాం. కిరాణా కొట్టులో దీపపు వత్తుల పక్కన, పిల్లల చాక్లెట్ల పక్కన పెట్రోలు పెట్టడాన్ని మాత్రం ఏ కారణంతోనూ సమర్థించబోము.

మూడోది కుంపట్లు. సింగరేణి కంపెనీ బొగ్గుకు బదులు గ్యాసు ఇచ్చాక కూడా చాలా ఇళ్లలో బొగ్గు కుంపటి ఉంది. మన ఆదిలాబాద్ వైపు చలి సంగతి అందరికీ తెలిసిందే. తలుపులు మూసి కుంపటి పక్కన పడుకోవద్దు. 2014 మే 13న టర్కీలోని సోమా గనిలో చనిపోయిన 301 మందిలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్. మూసిన గదిలో కుంపటి ఇచ్చేదీ అదే గ్యాసు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో మనిషి మేలుకోడు.

నాలుగోది గోడౌన్లు, దుకాణాలు. నివాసాల కింద రంగులు, థిన్నర్, టపాసులు, తుక్కు, ప్లాస్టిక్ నిల్వ చేయడానికి అనుమతి ఇవ్వరాదని బెల్లంపల్లి మున్సిపాలిటీని కోరుతున్నాం. దీపావళి దుకాణాలను ఇళ్లకు దూరంగా ఖాళీ మైదానంలోనే పెట్టించాలి. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో పోయిన 8 మంది కూలీలను మరచిపోవద్దు. ట్రావెల్స్ బస్సుల్లో అత్యవసర ద్వారం తెరుచుకుంటుందో లేదో ఎక్కేముందే చూసుకోవాలి. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు మంటల్లో 45 మంది పోయాక పన్నెండేళ్లకు చిన్నటేకూరు జరిగింది.

అయిదోది పరిహారం. కాంట్రాక్ట్ కార్మికుడైనా పర్మినెంట్ అయినా, మన రాష్ట్రంవాడైనా పరాయి రాష్ట్రంవాడైనా కాలిన ఒంటికి ఒకటే నొప్పి. పాశమైలారం కుటుంబాలకు ప్రకటించిన కోటి రూపాయల పరిహారం చివరి పైసా దాకా అందాలని, శరీరం దొరకలేదన్న పేరుతో ఆ ఎనిమిది కుటుంబాలను తిప్పవద్దని ప్రభుత్వాన్ని గట్టిగా కోరుతున్నాం. ఓపెన్‌కాస్ట్‌లో పేలుడు పదార్థాల పని చేసే కాంట్రాక్ట్ కార్మికులకు, గనిలో షాట్‌ఫైరర్‌కు ఇచ్చే శిక్షణే ఇవ్వాలని సింగరేణి యాజమాన్యాన్ని కోరుతున్నాం.

ఆరోది వైద్యం. మంచిర్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కాలిన గాయాలకు పూర్తిస్థాయి వార్డు, శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలి. హైదరాబాద్ చేరేలోపు పోయే ప్రాణాలు మనకు తెలుసు. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారించాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా, దోసెపిండి పూయకూడదు. అంటుకున్న బట్ట పీకకూడదు.

ఈ పనుల కోసం రిటైర్డ్ సర్దార్లు, ఓవర్‌మెన్లు, రెస్క్యూ శిక్షణ పొందినవారితో బస్తీకి ఒక బృందం ఏర్పాటైంది. ప్రతి ఆదివారం ఒక బస్తీ తిరుగుతారు. పొయ్యి పైపు, బండ తేదీ, నిల్వలు, మెట్లదారి చూసి, బాయిలో రాసినట్టే పుస్తకంలో రాసి ఇంటివారి సంతకం తీసుకుంటారు. జరిమానా వేసే అధికారం మనకు లేదు. పేదింటి పైపు మార్చడానికి ఖర్చు సభ నిధి నుంచి ఇస్తాం.

సవరణలు. ముసాయిదాలో "మహిళలకు గ్యాసు వాడకంపై అవగాహన కల్పించాలి" అని ఉండగా, ఒక అంగన్‌వాడీ టీచర్ లేచి, వంటింట్లో కాలేది ఆడవాళ్లే గానీ పైపు కొననిదీ, దొంగ బండ తెచ్చేదీ మగవాళ్లని, తప్పంతా పొయ్యి దగ్గర నిలబడ్డవారి మీద వేయవద్దని కోరారు. ఆ వాక్యంలో "మహిళలకు" అన్న మాట తీసేసి "ఇంటిల్లిపాదికీ" అని మార్చారు. రెండో సవరణ ఆటో డ్రైవర్లది, 108 వాహనం గురించి. అది పైన చేరింది.

ఈ తీర్మానం ప్రతులను మంచిర్యాల జిల్లా కలెక్టర్‌కు, బెల్లంపల్లి మున్సిపల్ కమిషనర్‌కు, అగ్నిమాపక శాఖకు, సింగరేణి మందమర్రి ఏరియా జనరల్ మేనేజర్‌కు, గనుల భద్రతా డైరెక్టరేట్‌కు పంపాలని, కాంటా చౌరస్తాలో ఒక ప్రతిని గోడకు అంటించాలని సభ నిర్ణయించింది. మొదటి ఆదివారం పరిశీలన శాంతిఖని బస్తీలో, ఉదయం ఏడు గంటలకు.

ప్రతిపాదించినవారు: శాంతిఖని గనిలో సర్దార్‌గా పనిచేసి రిటైరైన సభ్యుడు. బలపరచినవారు: కిరాణా దుకాణం నడిపే ఒక కోల్‌ఫిల్లర్ భార్య. ఆమె తన కొట్టు అరుగు మీది సీసాలను సభకు వచ్చేముందే తీసేశానని మినిట్స్‌లో రాయించారు.